తెర మీద జాబితా, కీబోర్డు మీద చేయి

ఆరోగ్య సూత్రాలు, తీర్థయాత్రలు, డి.ఎ. బకాయిల గురించి మన ప్రత్యేక సంచికల్లో రాయగలవారు చాలామంది ఉన్నారు. నేను ముప్పై ఏడేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. అంచేత గుమాస్తా పనిముట్టు గురించే నాలుగు మాటలు మనవి చేసుకుంటాను.

ఈ రోజుల్లో బ్యాంకు పని అయినా, గ్యాసు బుకింగు అయినా, రైలు టిక్కెట్టు అయినా కంప్యూటరు తెర మీద ఒక ఫారం వస్తుంది. అందులో చిన్న పెట్టె, దాని పక్కన కిందికి చూసే బాణం గుర్తు ఉంటాయి. దాన్ని నొక్కితే జాబితా కిందికి దిగుతుంది. జిల్లా ఏది, బ్యాంకు ఏది, బ్రాంచి ఏది, పుట్టిన సంవత్సరం ఏది అని అడుగుతుంది. మనం ఒకటి ఎంచుకోవాలి. పిల్లలు దీన్ని డ్రాప్ డౌన్ అంటారు. చూడటానికి చిన్న సంగతే. కాని ఈ జాబితాను మౌస్‌తో మాత్రమే పనిచేసేలా చేయాలా, కీబోర్డుతో కూడా పనిచేసేలా చేయాలా అన్న ప్రశ్నకు యాభై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మన చేతి వణుకుకూ, మన కంటి మసకకూ సంబంధించిన భాగం కూడా ఉంది.

టైపు మిషను ఇచ్చిన ఆస్తి

మనలో చాలామంది టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరు, హయ్యరు పాసై సర్వీసులోకి వచ్చినవాళ్ళమే. కంప్యూటరు కీబోర్డు చూసినప్పుడు మనకు కొత్త అనిపించకపోవడానికి కారణం అదే. షిఫ్ట్ కీ 1878లో వచ్చిన రెండవ నంబరు రెమింగ్టన్ మిషను నాటిది. ట్యాబ్ కీ టైపు మిషనులోని ట్యాబులేటరు నుంచి వచ్చింది. పే బిల్లులు, స్టేట్‌మెంట్లు కొట్టేటప్పుడు గళ్ళ దగ్గర స్టాపులు పెట్టుకుని, ఒక్క నొక్కుతో ఒక గడి నుంచి మరో గడికి దూకేవాళ్ళం. ఈనాడు ఫారంలో ఒక పెట్టె నుంచి తరువాతి పెట్టెకు వెళ్ళడానికి అదే కీ నొక్కుతున్నాం. పేరు మారలేదు, పని కూడా దాదాపు మారలేదు.

టైపిస్టు కళ్ళు ఎక్కడ ఉండేవి? మిషను మీద కాదు, పక్కన పెట్టుకున్న డ్రాఫ్టు మీద. వేళ్ళకు కీలు తెలుసు కనుక కళ్ళకు కాగితాన్ని అప్పగించేవాళ్ళం. చేయి కీల మీద నుంచి లేచిందంటే చూపు కూడా కాగితం వదిలి లేస్తుంది. తిరిగి ఆ వరస వెతుక్కోవాలి. రోజుకు రెండు వందల వోచర్లు ఎక్కించేవాడికి ఆ వెతుకులాట చిన్న నష్టం కాదు. కీబోర్డుతో నడిచే జాబితా కావాలన్న కోరికకు మొదటి మూలం ఇక్కడే ఉంది.

అంకె, అక్షరం, బాణం

తెర మీద బొమ్మలు రాకముందు ఎంపిక జరిగింది అంకెలతోనే. ఐ.బి.ఎం. వారి 3270 తరహా టెర్మినళ్ళు 1971లో వచ్చాయి. తెర మీద వరసగా పనులు, ఒక్కొక్కదాని ముందు ఒక అంకె. కావలసిన అంకె కొట్టి ఎంటర్ నొక్కాలి. నింపవలసిన ఖాళీల మధ్య తిరగడానికి అప్పుడే ట్యాబ్ కీ ఉండేది.

తరువాత చిన్న కంప్యూటర్లు వచ్చాయి. వాటిలో కొన్నింటి కీబోర్డుల మీద బాణం కీలు లేవు. 1978లో వచ్చిన వర్డ్‌స్టార్ అనే రాతకోతల ప్రోగ్రాము దీనికి చక్కని ఉపాయం చూసింది. కంట్రోల్ కీ నొక్కి పట్టి ‘ఇ’ కొడితే పైకి, ‘ఎక్స్’ కొడితే కిందికి, ‘ఎస్’ కొడితే ఎడమకు, ‘డి’ కొడితే కుడికి. కీబోర్డు మీద ఆ నాలుగు అక్షరాలూ ఎక్కడున్నాయో ఒకసారి చూడండి. ఎడమ చేతి కింద వజ్రం ఆకారంలో ఉంటాయి. అర్థం లేని అక్షరాలను కూడా స్థానబలంతో దిక్కులుగా మార్చారన్నమాట.

ఇంకా మెచ్చుకోదగినది 1983 జనవరిలో వచ్చిన లోటస్ 1-2-3. ఎనభైల చివర మా ఆఫీసుకు మొదటి కంప్యూటరు వచ్చినప్పుడు అందులో ఉన్నది అదే. గీత కీ నొక్కగానే తెర పైభాగాన ఒక వరస పదాలు వచ్చేవి: వర్క్‌షీట్, రేంజ్, కాపీ, మూవ్, ఫైల్, ప్రింట్, గ్రాఫ్, డేటా, క్విట్. కొత్తవాడు బాణం కీతో ఒక్కొక్క పదం మీదికి వెళ్ళేవాడు. ఆ పదం కింద దాని అర్థం చిన్న వాక్యంగా కనిపించేది. చదువుకుని ఎంటర్ నొక్కేవాడు. అలవాటైనవాడు పదం మొదటి ఇంగ్లీషు అక్షరం కొట్టేవాడు, అంతే. ఆ తొమ్మిది పదాల మొదటి అక్షరాలు వేటికవే వేరు. ఏ రెండింటికీ ఒకే అక్షరం రాకుండా చూసుకుని పెట్టిన పేర్లవి. మా సెక్షనులో కొందరికి తెర చూడకుండానే గీత, ‘ఎఫ్’, ‘ఎస్’ కొట్టి ఫైలు భద్రపరచడం అలవాటైపోయింది. జాబితా నేర్చుకునేవాడికి బడిగా, నేర్చినవాడికి అడ్డదారిగా ఉండటం దాని గొప్పతనం.

మౌస్ వచ్చింది, బాణాలు పోయాయి

ఇక మౌస్ సంగతి. మౌస్‌ను లోకానికి చూపించినవారు డగ్లస్ ఎంగెల్‌బార్ట్. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన సభలో తొంభై నిమిషాల పాటు ఆయన ఇచ్చిన ప్రదర్శన కంప్యూటరు చరిత్రలో పెద్ద మైలురాయి. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, ఆ రోజు ఆయన కుడి చేతి కింద మౌస్ ఉంటే, ఎడమ చేతి కింద అయిదు మీటల చిన్న పలక ఉంది. హార్మోనియం మీద స్వరాలు కలిపి నొక్కినట్లు ఆ మీటలను కలిపి నొక్కితే అక్షరాలు, ఆజ్ఞలు వెళ్ళేవి. అంటే మౌస్ కనిపెట్టిన మనిషే మీటలను వదులుకోలేదు. ఒక చేయి చూపించడానికి, మరో చేయి చెప్పడానికి అన్నది ఆయన ఆలోచన.

1981లో జిరాక్స్ కంపెనీ స్టార్ అనే యంత్రాన్ని విడుదల చేసింది. బొమ్మలు, కిటికీలు, మెనూలు ఉన్న తెర అమ్మకానికి వచ్చింది దానితోనే. దాని కీబోర్డు ఎడమ పక్కన మూవ్, కాపీ, డిలీట్ అని పెద్ద పెద్ద కీలు పెట్టారు. వస్తువును మౌస్‌తో చూపించి, పనిని కీతో చెప్పాలి. అక్కడ కూడా రెండు చేతులకూ పని ఉంది.

1984 జనవరి 24న ఆపిల్ వారి మాకింటాష్ వచ్చేసరికి మాట మారింది. దాని మొదటి కీబోర్డు మీద బాణం కీలే లేవు. బాణం కీలు ఇస్తే జనం పాత అలవాటులోనే ఉండిపోతారని, ప్రోగ్రాములు రాసేవారు పాత ప్రోగ్రాములనే కొద్దిగా మార్చి తెచ్చి పెడతారని భావించి, మౌస్ అలవాటు కావడానికే వాటిని తీసేశారు. వారి ఉద్దేశం నెరవేరిందనే చెప్పాలి. మౌస్ పట్టడం లోకమంతా నేర్చుకుంది. కాని 1986 జనవరిలో వచ్చిన మాకింటాష్ ప్లస్ కీబోర్డు మీద బాణం కీలు మళ్ళీ ప్రత్యక్షమయ్యాయి. రెండేళ్ళలోనే తిరిగి పెట్టారంటే వాటి అవసరం ఎంతటిదో ఊహించుకోవచ్చు.

కింద గీత ఉన్న అక్షరం

1985 నవంబరు 20న మైక్రోసాఫ్ట్ వారి విండోస్ మొదటి రూపం విడుదలైంది. అప్పటికి చాలా కంప్యూటర్లకు మౌస్ లేదు. కనుక పనులన్నీ కీబోర్డుతో కూడా జరిగే ఏర్పాటు చేయక తప్పలేదు. ఆల్ట్ కీ నొక్కితే మెనూలోకి వెళ్ళవచ్చు. మెనూ పదాల్లో ఒక్కొక్క అక్షరం కింద చిన్న గీత ఉంటుంది. ఆ అక్షరం కొడితే ఆ పని జరుగుతుంది. లోటస్‌లో మొదటి అక్షరం చేసిన పనినే ఇక్కడ గీత ఉన్న అక్షరం చేసింది. రెండు పదాలకు ఒకే మొదటి అక్షరం వస్తే, ఒకదానికి మధ్యలో అక్షరం కింద గీత పెట్టుకోవచ్చు.

1987లో ఐ.బి.ఎం. సంస్థ కామన్ యూజర్ యాక్సెస్ అనే నియమావళిని తెచ్చింది. మనకు జిల్లా ఆఫీసు మాన్యువల్ ఎలాగో ప్రోగ్రాములు రాసేవారికి అది అలాంటిది. ఏ ప్రోగ్రాములో అయినా ఒకే కీ ఒకే పని చేయాలి, ఎఫ్ 1 నొక్కితే సహాయం రావాలి, ట్యాబ్‌తో ఒక గడి నుంచి మరో గడికి వెళ్ళాలి, మౌస్‌తో చేయగలిగినది కీబోర్డుతోనూ చేయగలగాలి అన్నవి దాని సారాంశం. ఎంపిక జాబితాల రకాలను కూడా అందులో విడదీసి చెప్పారు. ఎప్పుడూ విప్పి కనిపించే జాబితా ఒకటి. ముడుచుకుని ఉండి, అడిగితే దిగే జాబితా ఒకటి. టైపు చేయడానికి గడి, దాని కింద జాబితా రెండూ కలిసి ఉన్నది మరొకటి. దీన్ని కాంబో బాక్స్ అంటారు. ఈ మూడూ నేటికీ వాడుకలో ఉన్నాయి.

1990 మే నెలలో విండోస్ 3.0, 1995 ఆగస్టులో విండోస్ 95 వచ్చి ఆఫీసులను ఆక్రమించే నాటికి ఈ పద్ధతులు స్థిరపడ్డాయి. మన రాష్ట్రంలో 1998 నవంబరులో రిజిస్ట్రేషన్ ఆఫీసుల కంప్యూటరీకరణ ‘కార్డ్’ పేరుతో మొదలైంది. ఆ తరువాత గుమాస్తాలకు తెర మీద ఫారాలు నింపడం రోజూవారీ పని అయింది.

మంచి జాబితా ఎలా నడవాలి?

మంచి జాబితాకు కొన్ని మర్యాదలు ఉన్నాయి. ట్యాబ్ నొక్కితే జాబితాలోకి రావాలి, మళ్ళీ ట్యాబ్ నొక్కితే బయటికి పోవాలి. లోపల ముప్పై పేర్లు ఉంటే ముప్పై సార్లు ట్యాబ్ కొట్టించకూడదు. లోపల తిరగడానికి పైబాణం, కిందిబాణం ఉన్నాయి. హోమ్ కొడితే మొదటి పేరుకు, ఎండ్ కొడితే చివరి పేరుకు వెళ్ళాలి. ఎంటర్ నొక్కితే ఎంపిక ఖాయం కావాలి. ఎస్కేప్ నొక్కితే ఏమీ మారకుండా జాబితా ముడుచుకోవాలి. మనం ఏ పేరు మీద ఉన్నామో కంటికి స్పష్టంగా కనపడాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది అక్షరం కొడితే దూకడం. దీన్ని మన ఎదుట ఉన్న ఉదాహరణతో చూద్దాం. 2014లో తెలంగాణకు 10 జిల్లాలు. 2016 అక్టోబరు 11న 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. జిల్లాలు పెరిగిన కొద్దీ ఫారంలో జాబితా పొడుగైంది. తెలంగాణ జిల్లాలను ఇంగ్లీషు అక్షరక్రమంలో రాస్తే ‘ఎం’ అక్షరంతో ఆరు ఉన్నాయి: మహబూబాబాద్, మహబూబ్‌నగర్, మంచిర్యాల, మెదక్, మేడ్చల్ మల్కాజిగిరి, ములుగు. జాబితా నాసిరకంది అయితే ఒక్క మొదటి అక్షరాన్నే గుర్తిస్తుంది. ములుగు వారు ‘ఎం’ కీని ఆరుసార్లు కొట్టాలి. జాబితా మంచిదైతే వెంటవెంటనే కొట్టిన అక్షరాలను కలిపి చూస్తుంది. ‘ఎం’, ‘యు’ కొట్టగానే ములుగు దగ్గర నిలుస్తుంది.

మరో చిక్కు ఉంది. సిరిసిల్ల మనిషి ‘ఎస్’ కొడతాడు. కాని జాబితాలో ఆ జిల్లా పేరు రాజన్న సిరిసిల్ల, కనుక అది ‘ఆర్’ దగ్గర ఉంటుంది. కొత్తగూడెం భద్రాద్రితో కలిసి ‘బి’లో, గద్వాల జోగులాంబతో కలిసి ‘జె’లో ఉంటాయి. జనం నోట నానిన మాట ఒకటి, జి.ఓ.లో ఉన్న పేరు ఒకటి. అలాంటి చోట టైపు గడి ఉన్న కాంబో బాక్స్ పెట్టి, పేరులో ఎక్కడ ఆ అక్షరాలు వచ్చినా చూపించేలా చేయాలి. రికార్డు రూములో ఒకే ఫైలును రెండు పేర్ల కింద ఇండెక్సు వేసి పెట్టుకున్న గుమాస్తాకు ఈ అవసరం ఎవరూ చెప్పనక్కర లేదు.

కొన్నిటికి అసలు జాబితాయే అక్కరలేదు. పుట్టిన తేదీ ప్రతివాడికీ కంఠతా వచ్చు. 1951లో పుట్టినవాణ్ణి ఈ సంవత్సరం నుంచి వెనక్కి డెబ్భై పైచిలుకు మెట్లు దిగి రమ్మనడం ఏమి న్యాయం? బ్రిటన్ ప్రభుత్వపు వెబ్‌సైట్ల రూపకల్పన నియమాల్లో పుట్టిన తేదీకి జాబితా కాకుండా రోజు, నెల, సంవత్సరం అని మూడు ఖాళీ గడులు ఇవ్వమని సలహా ఉంది. ఎంత సుఖం!

చూపు లేనివారు చేసిన మేలు

కీబోర్డు దారిని మూసుకుపోకుండా కాపాడినవారిలో చూపు లేనివారు ముందుంటారు. మౌస్ వాడాలంటే తెర మీద గుర్తు ఎక్కడుందో కనపడాలి. కనపడనివారికి కీబోర్డే గతి. 1978లో కారు ప్రమాదంలో చూపు కోల్పోయిన అమెరికా మోటారు సైకిలు పందెగాడు టెడ్ హెంటర్, తెర మీది మాటలను పైకి చదివి వినిపించే ‘జాస్’ అనే ప్రోగ్రామును తయారుచేసే సంస్థను నెలకొల్పారు. డాస్ కోసం అది 1989లో, విండోస్ కోసం 1995లో వచ్చింది. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ అనే చూపు లేని యువకుడు ‘ఎన్.వి.డి.ఎ.’ అనే ఇలాంటి ప్రోగ్రామును మొదలుపెట్టారు. జేమ్స్ టే అనే మరో చూపు లేని మిత్రుడు ఆయనతో చేయి కలిపారు. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

ఈ ప్రోగ్రాములు జాబితా పేరు, అందులో ఎన్ని ఉన్నాయి, మనం ఎన్నవదాని మీద ఉన్నాం అన్నవి కూడా చదివి చెప్పగలవు. అయితే ఒక షరతు. ఇది జాబితా అని తెర తయారుచేసినవాడు కంప్యూటరుకు చెప్పి ఉండాలి.

ఇంటర్నెట్టు రోజుల్లో జరిగిన నష్టం

ఇంటర్నెట్టు పేజీలు రాసే హెచ్.టి.ఎం.ఎల్. భాషకు 1995 నవంబరులో రెండవ రూపం ప్రకటించారు. అందులో సెలెక్ట్ అనే పేరుతో ఎంపిక జాబితా ఉంది. ఆ ఒక్క మాట రాస్తే చాలు, బాణాలు, అక్షరం కొడితే దూకడం, ట్యాబ్ అన్నీ బ్రౌజరే చూసుకుంటుంది. వడ్డించిన విస్తరి అన్నమాట.

కాని ఆ జాబితా రంగు, రూపు తమ ఇష్టం వచ్చినట్లు మార్చుకోవడానికి వీలు తక్కువగా ఉండేది. అందంగా లేదని వెబ్‌సైట్లు తయారుచేసేవారు దాన్ని పక్కన పెట్టి, ఉత్త గీతలతో, పెట్టెలతో జాబితాలాంటి బొమ్మను తామే తయారు చేయసాగారు. చూడటానికి జాబితాయే. మౌస్‌తో నొక్కితే దిగుతుంది. బాణం కీ నొక్కితే ఉలకదు, పలకదు. చదివి వినిపించే ప్రోగ్రాముకు అది జాబితా అనే తెలియదు. ఎక్కడ ఉన్నామో చూపించే గీతను కూడా అందానికి అడ్డమని కొందరు తీసేశారు. గడప మీద దీపం ఆర్పేసి ఇంటికి రంగులు వేసినట్లయింది.

ఇంకో చెడ్డ అలవాటు, జాబితాలో పేరు మారగానే వేరే పేజీకి తీసుకుపోవడం. ముడుచుకున్న జాబితా మీద కిందిబాణం ఒక్కసారి నొక్కితే కొన్ని బ్రౌజర్లలో ఎంపిక వెంటనే మారిపోతుంది. ఇంకేం, రెండో పేరు దగ్గరే పేజీ ఎగిరిపోతుంది. పదో పేరు కావలసినవాడు అక్కడికి చేరే దారే ఉండదు.

ఈ అన్యాయాలను సరిదిద్దడానికి నియమాలు వచ్చాయి. ఇంటర్నెట్టు ప్రమాణాలు చూసే డబ్ల్యు 3 సి అనే సంస్థ వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండటానికి 1999 మేలో మొదటి మార్గదర్శకాలను, 2008 డిసెంబరులో రెండవ వాటిని వెలువరించింది. పనులన్నీ కీబోర్డుతో జరగాలి, కీబోర్డుతో లోపలికి పోయినవాడు బయటికి రాగలగాలి, ఎక్కడ ఉన్నాడో కనపడాలి, ముందు చెప్పకుండా ఒక ఎంపిక మారినంత మాత్రాన పేజీ మారిపోకూడదు అన్నవి అందులో ఉన్నాయి. 2014 మార్చిలో అదే సంస్థ ‘ఏరియా’ అనే ప్రమాణాన్ని ఖరారు చేసింది. సొంతంగా జాబితా బొమ్మ గీసుకున్నవారు ఇది జాబితా, ఇది అందులో ఒక పేరు, ఇది ఎంపికైన పేరు అని గుర్తులు తగిలించే పద్ధతి అది. అయితే గుర్తు తగిలించినంత మాత్రాన బాణం కీ పనిచేయదు. ఆ పని మళ్ళీ చేతితో రాయవలసిందే. బోర్డు కట్టగానే ఆఫీసు నడవదు కదా!

తెలుగు జాబితాల చిక్కు

తెలుగులో జాబితా ఉంటే మన వాళ్ళకు హాయి అనుకుంటాం. నిజమే, చదవడానికి హాయి. అక్షరం కొట్టి దూకాలంటే మాత్రం కీబోర్డు తెలుగులో ఉండాలి. ఏ తెలుగు కీబోర్డు? కేంద్ర ప్రభుత్వం 1986లో భారతీయ భాషలన్నిటికీ కలిపి ఇన్‌స్క్రిప్ట్ అనే అమరికను ప్రమాణంగా పెట్టింది. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. శాస్త్రీయమైనదే. అందులో ఇంగ్లీషు ‘ఎం’ ఉన్న కీ నొక్కితే ‘స’ వస్తుంది, ‘మ’ కావాలంటే ‘సి’ ఉన్న కీ నొక్కాలి. ఉచ్చారణను బట్టి కొట్టే పద్ధతిలో ‘ఎం’ కొడితేనే ‘మ’. తెలుగు టైపు మిషను నేర్చినవారి అమరిక ఈ రెండూ కాదు. కీబోర్డు ఇంగ్లీషులోనే ఉంటే తెలుగు జాబితాకు ఏ అక్షరం కొట్టినా స్పందన ఉండదు. కనుక తెలుగు జాబితా పెట్టేవారు తెలుగు పేరుతో పాటు ఇంగ్లీషు స్పెల్లింగుతో వెతికినా దొరికే వీలు కల్పిస్తే మన భాషకు గౌరవం, మన వేళ్ళకు విశ్రాంతి రెండూ దక్కుతాయి.

ఇది మన సమస్య ఎలా అయింది?

నా మిత్రుడొకాయన, సీనియర్ అసిస్టెంటుగా రిటైరైనవారు, చేతి వణుకు వ్యాధితో బాధపడుతున్నారు. ఒక ఫారంలో తన బ్యాంకు బ్రాంచిని మౌస్‌తో సరిగానే ఎంచుకున్నారు. పేజీ కిందికి జరపడానికి మౌస్ మధ్యనున్న చక్రం తిప్పారు. గుర్తు ఇంకా ఆ పెట్టె మీదే ఉండటంతో పేజీ కదలకుండా బ్రాంచి పేరు మారిపోయింది. అది ఆయన కంట పడలేదు. కాగితాలు వెనక్కి వచ్చి, రెండుసార్లు తిరిగి, ఆ నెల పెన్షను ఆలస్యమైంది. ఆ ఫారం ఎవరిదో ఇక్కడ అనవసరం. అలాంటివి చాలా ఉన్నాయి.

ఆయన నాతో ఒక మాట అన్నారు: “ముప్పై మూడేళ్ళు ఇతరుల సర్వీసు రిజిస్టర్లలో ఒక్క తప్పు పడనివ్వలేదండీ. ఇప్పుడు నా బ్యాంకు పేరు నేను రాసుకోలేనివాణ్ణయ్యాను.” ఆ మాట విన్న తరువాత వారింటికి వెళ్ళి, మౌస్ పక్కన పెట్టించి, ట్యాబు, బాణం, అక్షరం, ఎంటరు నాలుగూ చూపించాను. వణికే చేతికి మౌస్‌ను గురి మీద నిలపడం కష్టం. కీ మీద వేలు ఆనించి నొక్కడం అంత కష్టం కాదు. ఆయన పాత టైపిస్టే. వేళ్ళు మరిచిపోలేదు. మనవరాలు పక్కన నిలబడి, “తాతయ్యా, మౌస్ లేకుండా ఎలా వచ్చింది?” అని అడిగితే ఆయన ముఖంలో చాన్నాళ్ళకు నవ్వు చూశాను.

2014 నవంబరు 10న కేంద్ర ప్రభుత్వం జీవన్ ప్రమాణ్ పేరుతో పెన్షనర్లకు డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్టు ప్రారంభించింది. ఆఫీసు మెట్లు ఎక్కే శ్రమ తగ్గింది, సంతోషమే. కాని మెట్లు తెర మీదికి వస్తే లాభం లేదు. ఆఫీసుకు ర్యాంపు ఎలాగో జాబితాకు కీబోర్డు దారి అలాగ.

చట్టం కూడా ఆ మాటే చెబుతోంది. ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎలా ఉండాలో 2009లో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది. సమాచార సాధనాలు, సేవలు వారికి అందుబాటులో ఉండాలని అది శాసిస్తుంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకు వేసింది. యాసిడ్ దాడికి గురైనవారు, చూపు లేనివారు బ్యాంకు ఖాతా వంటి వాటికి కావలసిన కె.వై.సి. చేయించుకోలేకపోతున్నామని వేసిన కేసుల్లో, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. ఇరవై ఆదేశాలు కూడా ఇచ్చింది.

చివరిగా కొన్ని మనవులు

ఇంట్లో కంప్యూటరు ఉన్నవారు ఈ నాలుగూ వాడి చూడండి. ఒకటి, పెట్టె నుంచి పెట్టెకు ట్యాబ్‌తో వెళ్ళండి. వెనక్కి రావాలంటే షిఫ్ట్ పట్టి ట్యాబ్ నొక్కండి. రెండు, విండోస్ కంప్యూటరులో జాబితా పెట్టె దగ్గరికి వచ్చాక ఆల్ట్ పట్టి కిందిబాణం నొక్కితే జాబితా విప్పుకుంటుంది. అలా విప్పి, బాణాలతో వెతికి, ఎంటర్ నొక్కండి. మూడు, పేరులోని మొదటి రెండు మూడు అక్షరాలు ఆగకుండా వెంటవెంటనే కొట్టండి. ఆగి ఆగి కొడితే ప్రతి అక్షరాన్నీ కొత్త వెతుకులాటగా తీసుకుంటుంది. నాలుగు, ఎంపిక అయ్యాక ట్యాబ్ నొక్కి ఆ పెట్టె వదిలిన తరువాతే మౌస్ చక్రం ముట్టుకోండి. పంపే ముందు ఒకసారి పై నుంచి కిందికి సరిచూసుకోండి. అది మనకు ఎవరూ నేర్పనక్కర లేదు.

ఇవి పనిచేయని ఫారం ఎదురైతే మీ వయసును, మీ చేతిని నిందించుకోకండి. ఏ పేజీలో, ఏ జాబితా దగ్గర, ఏ కీ నొక్కితే ఏమి జరగలేదో తేదీ వేసి ఆ సంస్థకు రాయండి. నకలు మన సంఘానికి ఇవ్వండి. నోటు ఫైలు రాయడం, రిమైండరు పంపడం, జవాబు వచ్చేదాకా వదలకపోవడం మన వృత్తి విద్యలు. ఇంట్లో సాఫ్ట్‌వేరు పని చేసే కొడుకులు, కోడళ్ళు, మనవలు ఉంటే వారికీ ఈ వ్యాసం చూపించండి. వారు తయారుచేసే జాబితాను ఒక్కసారి మౌస్ తీసి పక్కన పెట్టి నడిపి చూడమనండి. రెండు నిమిషాల పని. దానివల్ల ఒక పెద్దాయన తన పేరు, తన ఊరు, తన బ్యాంకు ఎవరి సాయమూ లేకుండా తానే ఎంచుకోగలుగుతాడు.